ఉప్పు సీసా, చప్ప సీసా

జపాన్ నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకూ వదినకూ పద్మ నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని పద్ధతిగా మొదలుపెట్టి, ఆ కాగితం చింపేసి ఇది తీసుకున్నాను. నేను క్షేమమే. నువ్వు క్షేమమని ఎలా తలచను? నీ ఉత్తరం అందింది. చెరువులో వేసిన రొయ్య సీడు బాగా నిలబడిందనీ, పిల్లలు బడికి వెళ్తున్నారనీ, పంచాయతీ కుళాయి మళ్ళీ ఆగిపోయిందనీ రాశావు. ఆ మధ్యలో ఒక్క వాక్యం. మొన్న చెరువు గట్టు మీద కుడిచెయ్యి మొద్దుబారి మేత ట్రే జారిపోయిందనీ, మాట కూడా కాసేపు ముద్దగా వచ్చిందనీ, గంటలో అంతా సర్దుకుందనీ, మన ఊరి డాక్టరు గారు వేడి చేసిందన్నారనీ. దాని కిందే మళ్ళీ మేత ధరలు. ఆ వాక్యం చదివాక కింద రాసినవేవీ నా బుర్రకెక్కలేదు.

వెంటనే కోడూరు బూత్‌కి ఫోన్ చేశాను. వాళ్ళు మనిషిని పంపి నిన్ను పిలిపించారు. మోపెడ్ నువ్వే నడుపుకుంటూ వచ్చావని విని అక్కడే సగం చచ్చాను. నువ్వేమో నవ్వావు.

“బానే ఉన్నానే. ఇదిగో, చెయ్యి ఎత్తుతున్నా, దించుతున్నా. నువ్వక్కణ్ణించి భయపెట్టమాక.”

బీపీ టాబ్లెట్లు వేసుకుంటున్నావా అని అడిగాను. దానికి అన్నావు కదా, “అది మన రక్తంలో ఉందే పద్మా. తాతయ్యకొచ్చింది, నాన్నకొచ్చింది. రాసిపెట్టుంటే టాబ్లెట్టు ఆపుద్దా?” చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్ ఆగిపోయిందని ఎవరో వచ్చి పిలిస్తే ఫోన్ పెట్టేశావు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది అన్నయ్యా. నేనిక్కడ పొద్దస్తమానం చేసే పనే ఆ ప్రశ్న. కానీ బూత్‌లో పది మంది నిలబడి వింటుండగా, నీ ప్రాణమంతా ఏరేటర్ మీద ఉండగా చెప్పేది కాదు. కూర్చుని రాస్తున్నాను. నువ్వూ గట్టు మీద కాకుండా ఇంట్లో కూర్చుని చదువు. వదినను పక్కన కూర్చోబెట్టుకో.

ఇక్కడ చలి విపరీతంగా ఉంది. కిటికీ అవతల మంచు కురిసి కురిసి గట్టిపడి బూడిదరంగుకి తిరిగింది. మొదట్లో చూసి మురిసిపోయినదాన్ని ఇప్పుడు తిట్టుకుంటూ నడుస్తున్నాను. గది చిన్నది. కిరసనాయిలు హీటరు వెలిగిస్తే తలనొప్పి, ఆర్పితే కాళ్ళు కొంకర్లు పోతాయి. వారమంతా తెలుగు మాట నోట రాదు. కూర మాడిపోతే మాత్రం ఎవరూ లేకపోయినా తెలుగులోనే తిట్టుకుంటాను. తిండికి ఇబ్బంది లేదు, వదినకు చెప్పు. వీళ్ళకీ మనలాగే అన్నం, చేపలు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలు దుకాణాల ముందు వేలాడుతుంటే పాలకాయతిప్ప దారి గుర్తొస్తుంది. ఉప్పులో ఊరేసిన ముల్లంగి, ఉప్పగా ఉండే చారు, ప్రతి పూటా అదే. ఒకప్పుడు ఈ దేశంలో పక్షవాతంతో పోయినవాళ్ళు లెక్కలేనంత మందిట. అందుకే ఈ పరిశోధన ఇక్కడ మొదలైంది.

నేను పశువుల డాక్టరు చదువు చదివి ఎలుకలకు సేవ చేస్తున్నానని నాంచారయ్య మావయ్య ఎగతాళి చేస్తాడటగా. నిజమే చేస్తున్నాను. ఇవి మామూలు ఎలుకలు కావు. తెల్లగా, చేతిలో పట్టేంత, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. చాలా ఏళ్ళ కిందట, బీపీ ఎక్కువగా ఉన్న ఎలుకల్ని ఏరి ఒకదానితో ఒకటి జతకట్టించారు. వాటి పిల్లల్లో తల్లో తండ్రో మెదడులో రక్తనాళం చెడి చచ్చిపోయినవాటిని మళ్ళీ ఏరారు. ఆ తర్వాత తరతరాలుగా అన్నకీ చెల్లెలికీ జతకట్టించారు. ఇప్పుడు ఆ వంశంలో ఏ రెండింటికీ రక్తంలో తేడా లేదు. పుట్టిన ప్రతిదానికీ బీపీ వస్తుంది. వదిలేస్తే దాదాపు ప్రతిదానికీ పక్షవాతం వస్తుంది. నువ్వన్న ‘రాసిపెట్టి ఉండటం’ అంటే ఇంతకంటే గట్టిగా ఎవరూ రాయలేరు.

మా పనేమిటంటే, ఈ వంశం ఎలుకని ఆరోగ్యంగా ఉన్న వేరే వంశం ఎలుకతో జతకట్టించడం. మనవళ్ళ తరం వచ్చాక ఒక్కొక్కదాని తోక చివర రవ్వంత కత్తిరించి, దాని జన్యువుల్లో ఏ ముక్క ఎవరి వైపు నుంచి వచ్చిందో చూడటం. ఏ ముక్క వచ్చినవాటికి రోగం వస్తోందో పట్టుకోవాలి. ఒక్క ముక్కే దొరికితే బాగుండును. దొరకదు. బీపీ పెంచేది ఒకటుంటే, బీపీతో పని లేకుండా మెదడునే బలహీనం చేసేది ఇంకొకటి ఉంటుంది. అన్నీ చిక్కుపడి ఉన్నాయి. రోజూ బీపీ కూడా చూడాలి. మనకి చేతికి పట్టా కడతారు, వీటికి తోకకి. చిన్న పెట్టెలో వెచ్చగా ఉంచితే తోకలో రక్తం బాగా ఆడుతుంది, అప్పుడు ఉంగరంలాంటి పట్టా తొడుగుతాం. గింజుకుంటే అంకె తప్పొస్తుంది కాబట్టి అది నెమ్మదించేదాకా నేను మాట్లాడుతూ కూర్చుంటాను. తెలుగులోనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఒకే తల్లి కడుపున పుట్టిన వాటిని రెండు వరసల బోనుల్లో పెట్టాం. ఒక వరసకి చప్పనీళ్ళ సీసా. రెండో వరసకి ఉప్పు కలిపిన నీళ్ళ సీసా. మేత ఒకటే, గది ఒకటే, రక్తం ఒకటే. ఆ ఉప్పు కలిపేది నేనే. పొద్దున్నే తూచి, కలిపి, సీసాలు నింపి మూతలు బిగిస్తాను. ఉప్పు సీసా వాటికి దాహం ఆగదు, తాగినవే మళ్ళీ తాగుతాయి. కొన్ని వారాలకే మొదలైంది. ఒకటి ముందు కాలు ఈడుస్తూ కనిపించింది. ఇంకొకటి ఒకే వైపుకి గుండ్రంగా తిరిగేది, ఆపి వదిలితే మళ్ళీ అటే. ఒకటి తల ఒక పక్కకి వాల్చి, నోట్లోంచి తడి కారుతూ, బోను మూలకి ఆనుకుని కూర్చుంది. దాన్ని చూసి నేను పుస్తకంలో రాయాల్సింది రాయలేకపోయాను. నాన్న వసారాలో నవారు మంచం మీద అలాగే కూర్చునేవాడు. తలగడ ఎటు పెట్టినా తల అటే వాలేది. గుర్తుందా నీకు, వదిన భుజం మీద తువ్వాలు ఎప్పుడూ ఆయన గడ్డం తుడవడానికే ఉండేది.

అలా అయినవాటిని బాధ పెట్టకూడదని మత్తిచ్చి చంపేస్తాం. చంపేదీ నేనే. మెదడు తీసి పలచగా కోసి, రంగు పట్టించి అద్దాల మీద పరుస్తాం. చచ్చిపోయిన చోటు విడిగా తెలుస్తుంది, అక్కడ రంగు పట్టదు. అంత చిన్న మరకకి కాలు పోయింది. మనిషికి ఎంత మరక పడితే మాట పోతుందో అని ఆ రోజంతా అదే ఆలోచన.

చప్ప సీసా వరస సంగతి విను. వాటికీ బీపీ ఉంది. అబద్ధం చెప్పను, చప్పనీళ్ళు తాగినంత మాత్రాన వంశం మారిపోదు. కానీ ఉప్పు వరస సగం ఖాళీ అయ్యేనాటికి ఇవి హాయిగా చక్రంలో పరుగులు తీస్తున్నాయి. మూడో వరస కూడా ఒకటుంది. వాటికి బీపీ మందు కలిపిన నీళ్ళు పెట్టాం. అవి ముసలివైపోతున్నాయి అన్నయ్యా. ఈ వంశం ఎలుక ముసలిదవడం చూసి నేను బోను ముందు నిలబడి ఏడ్చాను. ఉప్పు వరసవాటి రక్తంలో రాసి ఉన్నదే వీటి రక్తంలోనూ రాసి ఉంది. రాసిపెట్టుంటే టాబ్లెట్టు ఆపుద్దా అని అడిగావు. ఆపుద్ది. నేను నా కళ్ళతో చూస్తున్నాను.

ఎలుకలకీ మనుషులకీ ఒకటేనా అంటావు. ఒకటి కాదు. మా ఆచార్యుల వారు కూడా ప్రతి మీటింగులో అదే మాటతో ముగిస్తారు. నేనూ పెద్ద గొంతుతో అలాగే అంటాను. కానీ సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివితే ఆ మాట నాకు ఏ ఆసరా ఇవ్వడం లేదు.

పోయిన నెల ఇక్కడొక కార్యక్రమం జరిగింది. ఏడాదికొకసారి చేస్తారట. ఎలుకలుండే భవనం వెనక ఒక రాయి నిలబెట్టారు. ఆ ఏడు మా చేతుల్లో చచ్చిపోయిన జంతువులన్నిటికీ అక్కడ దణ్ణం పెట్టాలి. ఆచార్యులు, విద్యార్థులు, బోనులు కడిగేవాళ్ళు, అందరూ నల్లబట్టలు కట్టుకుని వరసగా వచ్చి తలా ఒక చామంతి పువ్వు పెట్టారు. పూజారి మంత్రం చదివాడు. మన తద్దినంలాంటిదే. నా వంతు వచ్చింది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే ఒక్క ఎలుకా గుర్తు రాలేదు. నాన్నే కనిపించాడు. తర్వాత, చెప్పకూడదు గానీ, నువ్వు కనిపించావు. కళ్ళు తెరిచేశాను. పువ్వు సరిగ్గా పెట్టానో లేదో కూడా తెలియదు.

ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆచార్యుల వారు ఒకరోజు ఎలుకల వంశవృక్షం గీసి చూపిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురు, మా తాతయ్యదీ మేనరికమే, మా ఇంటి చెట్టు గీసినా కొమ్మలన్నీ ఇలాగే లోపలికి తిరుగుతాయి అన్నాను. ఆయన నవ్వలేదు. “మీ నాన్నగారు దేనితో పోయారు?” అన్నారు. చెప్పాను. తాతగారో అన్నారు. చెప్పాను. లేచి వెళ్ళి మనుషులకి బీపీ చూసే మిషను తెచ్చి నా చేతికి కట్టారు. మళ్ళీ విప్పి రెండో చేతికి కట్టారు. ఆ అంకె నీకు రాయను, వదిన కంగారు పడుతుంది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఎలుకల సీసాల్లో మందు కలిపి, నా టాబ్లెట్టు నేను వేసుకుంటున్నాను. ముల్లంగి ఊరగాయ మానేశాను. వదిన పంపిన గోంగూర పచ్చడి పక్కింటి కొరియా అమ్మాయికి ఇచ్చేశాను. ఆ పిల్ల దాన్ని బ్రెడ్డు మీద రాసుకు తింటోంది. ఇంకెప్పుడూ పచ్చడి పంపొద్దని వదినకు చెప్పు, కావాలంటే వట్టి మిరపకాయలు పంపమను. మనం ఒక కడుపున పుట్టాం. నీలో ఉన్నదే నాలో ఉంది. నాకు భయం వేసింది, నీకు వేయలేదు. తేడా అంతే.

నీళ్ళ సంగతి చెప్పాలి. దీని గురించే రెండు రోజులుగా నిద్ర లేదు.

పంచాయతీ కుళాయి ఆగిపోయిందని రాశావు. అంటే బోరు నీళ్ళే తాగుతున్నారు. చెరువులు తవ్వకముందు ఆ బోరు నీళ్ళు ఎంత చప్పగా ఉండేవో నీకు తెలుసు. చుట్టూ పొలాలన్నీ చెరువులై, సముద్రపు పాయలోంచి ఉప్పునీళ్ళు తోడి నింపడం మొదలయ్యాక ఏడాదికేడాది మారింది. మనకి అలవాటైపోయి తెలియడం లేదు. గుడివాడ నుంచి వదిన వాళ్ళ అన్నయ్య వచ్చినప్పుడు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు, ఈ నీళ్ళేంటి బావా ఇలా ఉన్నాయి అని. మనం నవ్వాం. పప్పులో ఉప్పు కలిసొస్తోందిలే అన్నావు నువ్వు. నాన్న పడిపోయాక ఆయనకి మిగిలింది ఒకే ఒక్క మాట, ‘నీళ్ళు’. ఆకలేసినా నీళ్ళే, దోమ కుట్టినా నీళ్ళే, మనల్ని పిలవాలన్నా నీళ్ళే. పాపం దాహమేమో అని ఎవరు దగ్గరుంటే వాళ్ళం గ్లాసుడు పోసేవాళ్ళం. ఆ బోరు నీళ్ళే.

నీ దగ్గర ఉప్పదనం చూసే గొట్టం ఉంది కదా. పొద్దున్నే చెరువు నీళ్ళు ఒక చుక్క అద్దం మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి కంటికి పెట్టుకుని చూస్తావే, అది. ఒక్క గీత అటూ ఇటూ అయితే నీకు ముద్ద దిగదు, వెంటనే ఇంజను వేయించి నీళ్ళు మారుస్తావు. రొయ్యకి ఎంత ఉప్పు కావాలో, ఎంత పడదో నీకు తెలిసినట్టు ఇక్కడ నాకు కూడా తెలియదు. ఆ గొట్టం కొన్నాక ఎప్పుడైనా మన బోరు నీళ్ళు ఒక్క చుక్క దాని మీద వేసి చూశావా? చూసి ఉండవు. నేనూ అడగలేదు, చెరువులున్న ఏ ఇంట్లోనూ ఎవరికీ తట్టలేదు. గొట్టం రొయ్యలకి, మనకి నాలుక. రేపు పొద్దున్నే వెయ్యి. మా సీసాలో కలిపినంత ఉండదు, అంత ఉంటే గొంతు దిగదు. అయినా మా ఎలుకలు తాగేది కొన్ని వారాలే. మనవాళ్ళు తాగేది పుట్టినప్పటినుంచి. గీత సున్నా మీద లేకపోతే ఆ నీళ్ళు తాగడం, ఆ నీళ్ళతో వండటం ఆ పూటే మానెయ్యండి. అవనిగడ్డ వైపు నుంచి మంచినీళ్ళ డబ్బాలు తెప్పించు. బోరు కడుక్కోవడానికి ఉండనీ.

నీళ్ళ కంటే ముందు నువ్వు బందరు వెళ్ళాలి. చెయ్యి సర్దుకుంది కదా అంటావు. అదే భయం. ఇలా ఒకసారి వచ్చి గంటలో పోయినవాళ్ళకి కొద్ది రోజుల్లోనే పెద్దది రావచ్చు. అది వేడి చేయడం కాదు. మెదడు డాక్టరుకి చూపించుకో, స్కాన్ తీయాలంటే బెజవాడ వెళ్ళు. ఆయన రాసినవి రొయ్యల పట్టుబడి అయ్యాక కాదు, ఆ రోజే మొదలుపెట్టు. తలనొప్పి తగ్గిందని ఆపకు. బీపీ నొప్పి పెట్టదు, నా ఎలుకలు కూడా కాలు ఈడ్చేముందు రోజు దాకా చక్కగా మేత తిన్నాయి.

చెరువు ఎవరు చూస్తారని అడుగుతావని తెలుసు. నిన్న మళ్ళీ బూత్‌కి చేసి నాంచారయ్య మావయ్యని పిలిపించాను. నువ్వు తిట్టుకున్నా సరే. ఆయన ఎగతాళి చేయలేదు. “మీ నాన్న పడ్డప్పుడు మోసుకొచ్చింది నేనే అమ్మాయ్. మళ్ళీ ఆ గట్టు మీంచి ఎవర్నీ మొయ్యలేను. వాడి చెరువు నా చెరువుతో పాటు చూస్తా, వాణ్ణి బస్సెక్కించే పూచీ నాది” అన్నాడు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు వెళ్ళొచ్చే ఉంటావని నమ్మకం. వెళ్ళకపోతే దీన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇప్పుడే లే.

నాంచారయ్య మావయ్యకీ అత్తయ్యకీ నా నమస్కారాలు. వదినకు ప్రత్యేకంగా. అన్నీ తన మీదే పడుతున్నాయి, నాకు తెలుసు. పిల్లలిద్దరికీ ముద్దులు. చిన్నది మంచు ఎలా ఉంటుందని అడిగిందట. ఉప్పు రాశిలా ఉంటుంది, కాళ్ళు జిల్లుమంటాయి అని చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, స్వెట్టరు లేకుండా గడప దాటడం లేదు.

ఒక్కటి మాత్రం నాకోసం చెయ్యాలి. దీనికి జవాబు నువ్వే రాయి. వదిన చేత రాయించకు, పెద్దదాని దస్తూరి బాగుంటుందని దానిచేత రాయించకు. నీ అక్షరాలు ఎలా ఉన్నా సరే. గీత దాటినా, పక్కకి ఒరిగినా, సగం మాట దగ్గర ఆగిపోయినా సరే, రెండు ముక్కలు నీ కుడిచేత్తో రాసి పంపు. కవరు మీద చిరునామా కూడా ఎప్పటిలా నువ్వే రాయి. అది వేరే చేతిరాతలో వస్తే, ఆ కవరు విప్పే ధైర్యం నాకు లేదు.

దీవించు.

నీ చెల్లెలు
పద్మ